రెండు, ఒకటి, మూడు

ఆ ఎండాకాలం నలభై రోజులపాటు నేను మౌనాన్ని రికార్డు చేశాను. వినడానికి పిచ్చిమాటలా ఉంటుంది గానీ, అది నా ఉద్యోగంలో ఒక భాగం. షూటింగ్ జరిగిన ప్రతి గదిలోనూ చివర్లో అందరినీ కదలకుండా కూర్చోబెట్టి, ఎవరూ ఏమీ చెయ్యనప్పుడు ఆ గది ఎలా వినిపిస్తుందో ఒక నిమిషంపాటు పట్టుకోవాలి. ఏ గది మౌనం దానిదే. దాన్ని తర్వాత సినిమాలో మాటల కింద పరుస్తాం. అది ఉన్నట్టు ఎవరికీ తెలియదు, లేకపోతే మాత్రం సినిమా ప్రాణం పోయినట్టుంటుంది.

మా ఇంట్లో ఆయనది కెమెరా, నాది శబ్దం. "వాడు కళ్ళప్పగించి చూస్తాడు, ఇది చెవులు రిక్కించి వింటుంది, వండి వార్చేదాన్ని మాత్రం నేను" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ మమ్మల్ని పరిచయం చేసేవారు. డాక్యుమెంటరీలు తీసేవాళ్ళ సంసారం గురించి ఇంతకంటే చెప్పడానికి నిజంగానే ఏమీ లేదు.

ఆ ఏడు మేం తీసింది, నేరం చేశారని పట్టుకొచ్చిన ఆడపిల్లల్ని కేసు తేలేదాకా ఉంచే హోమ్ గురించి. అనుమతికి పదకొండు నెలలు తిరిగాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పైవాళ్ళు సంతకం పెట్టిన కాగితాన్ని కిందివాళ్ళు తొక్కిపెట్టారు. చివరికి ఇచ్చారు, షరతులతో. పిల్లల మొహం కనపడకూడదు, పేరు వినపడకూడదు, గొంతు మార్చాలి. తయారైన సినిమాని బయట ఎక్కడా వెయ్యకముందు శాఖ కింద ఉన్న అన్ని హోముల్లోనూ పిల్లలకి చూపించాలి.

షరతుల్లో తప్పు పట్టడానికేమీ లేదు. ఒకసారి దొంగ అని మొహం బయటపడితే ఆ పిల్ల బతుకంతా ఆ మొహం మొయ్యాలి. అందుకని ఆయన వీపులు తీశాడు, చేతులు తీశాడు, అరిగిపోయిన చెప్పులు తీశాడు. పదిరోజుల్లో ముప్ఫై రెండు మంది పిల్లల్ని వెనకనించి గుర్తుపట్టడం మాకు అలవాటైపోయింది. మా కాగితాల్లో వాళ్ళ పేర్లు కూడా అలాగే ఉండేవి. ఒకతి 'మచ్చమోచెయ్యి', ఇంకొకతి 'కుంటినడక'. నడుం దాకా ఒత్తుగా జడ ఉన్న పదమూడేళ్ళ పిల్ల 'జడ'.

జడ దుకాణాల్లో తిండి సరుకులు ఎత్తుకుపోతూ దొరికింది. మిగతా పిల్లలందరూ కెమెరా చుట్టూ తిరిగితే ఆ పిల్ల మాత్రం నా చుట్టూ తిరిగేది. నాకు సౌండక్క అని పేరు పెట్టింది కూడా తనే.

"ఎవరూ మాట్లాడట్లేదుగా, ఏం పడుతున్నావు సౌండక్కా?" అని అడిగింది ఒకరోజు.

"మాట్లాడకపోవడాన్నే."

"అది సినిమాలో ఉంటుందా?"

"మొదటినించి చివరిదాకా ఉంటుంది. మీ మాటల కింద."

"ఎవరికన్నా తెలుస్తుందా?"

"తెలీదు. తెలిసిందంటే నేను పని చెడగొట్టానన్నమాట."

ఆ పిల్ల ఆ మాటని నోట్లో వేసుకుని నమిలినట్టు పెదాలు కదిపింది. తర్వాత, "ఈ సినిమా చిన్నపిల్లల హోములో కూడా వేస్తారంట కదా, వార్డెనమ్మ చెప్పింది" అంది. వేస్తారన్నాను. ఇంకేమీ అడగలేదు. మర్నాటినించి మౌనానికి పోలీసు తనే. "ఏయ్, కాళ్ళాడించకండే, సౌండక్క మౌనం పడుతోంది" అని అందరినీ అదిలించేది. నాకు నలుగురు సహాయకులున్నా అంత క్రమశిక్షణ వచ్చేది కాదు.

మార్చిన గొంతు ఎలా ఉంటుందో వింటానంటే ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టాను. తన మాటలే, బరువైన పెద్ద గొంతులో.

"ఎవరిది ఇది, మన వార్డెనమ్మదా?" అని పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, "నన్ను బాగా ఎరిగినోళ్ళు విన్నా, నేనని తెలీదు కదా" అంది.

"అస్సలు తెలీదు. నువ్వేం భయపడకు" అన్నాను.

ఏదో ధైర్యం చెప్పాననే అనుకున్నాను.

పిల్లలు పడుకునే హాల్లో మాత్రం నా నిమిషం శుభ్రంగా రాలేదు. నేను మౌనం పట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటాను, చూపు అడ్డం రాకుండా. మూడు వేర్వేరు రోజుల్లో ప్రయత్నించినా, నిమిషం మధ్యలో ఎక్కడో టక్ టక్ అని చిన్న చప్పుడు. ఎండలకి నీళ్ళు సరిగ్గా రాక గోడలో పైపు కొట్టుకుంటోందనుకున్నాను. వార్డెనమ్మతో చెబితే, "నీళ్ళొచ్చినా గోలే, రాకపోయినా గోలే దీనికి" అని పైపుని తిట్టింది. నాలుగోసారి పట్టడానికి మాకు రోజులు లేవు.

మా ఇంట్లో మిక్సింగ్ చేసేది అత్తయ్య గదిలో. వీధి చప్పుడు తగలని గది అదొక్కటే. ఆవిడ పరుపుని గోడకి నిలబెట్టి, ఆవిణ్ణి వంటింట్లోకి తరిమి, నేను స్పీకర్లు పెట్టుకుని కూర్చుంటాను. ఆ పదిరోజులూ మిక్సీ వెయ్యకూడదు, కుక్కరు కూతపెట్టకూడదు. "ఈ ఇంట్లో గిన్నె పడితే శవం లేచినట్టు చూస్తారు" అని ఆవిడ గొణిగేవారు, అదీ మెల్లగానే.

పడుకునే హాలు సీన్ మీద పనిచేస్తున్నాను. ఖాళీ మంచాలు, మడతపెట్టిన దుప్పట్లు, కిటికీలోంచి వెలుతురు. దాదాపు నిమిషంపాటు మాటే లేదు. నేను దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుంటుంటే అత్తయ్య మళ్ళీ మళ్ళీ వెళ్ళి వీధి తలుపు తీసి చూస్తున్నారు.

"ఎవరో తలుపు కొట్టి పారిపోతున్నారే అమ్మాయ్."

"ఎవరూ లేరత్తయ్యా. అది హోములో నీళ్ళ పైపు."

"పైపుకి ఇంత మర్యాదెక్కడిది? ఇంటికొచ్చిన మనిషి కొట్టినట్టే ఉంది" అన్నారు, చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ.

నేను నవ్వేసి, ఆ పూటే చప్పుడు తీసేశాను. ఒక్కో టక్కు దగ్గరా కోసి, పక్కనున్న మౌనాన్ని తెచ్చి అక్కడ అతికాను. చిరుగు కనపడకుండా రఫ్ఫు చేసినట్టే ఈ పని. రెండు గంటలు పట్టింది. ఆయన విని, "చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. ఆయన నోటినించి నా పని గురించి మంచిమాట రావడం అరుదు, ఆ సాయంత్రమంతా నేను కొంచెం గర్వంగానే తిరిగాను.

మొదటిసారి సినిమా వేసింది ఆ హోములోనే, సోమవారం మధ్యాహ్నం. భోజనాల హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీద వేశాం. పిల్లలు తమ వీపులు చూసుకుని ఒకటే నవ్వు. "అదిగో నా మడమ" అని ఒకతి, "నీ మడమ అంత తెల్లగా ఎప్పుడుందే" అని ఇంకొకతి. జడ మాత్రం గోడవైపు చూడలేదు. తలవంచి, కళ్ళు మూసుకుని వింటోంది. నా అలవాటే ఆ పిల్లకీ వచ్చిందని ముచ్చటపడ్డాను. ఖాళీ మంచాలు వచ్చినప్పుడు మెడ ముందుకు చాచింది. ఆ సీన్ అయిపోయింది. కళ్ళు తెరిచి నావైపు చూసింది.

అందరూ వెళ్ళాక దుప్పట్లు విప్పడానికి తనొక్కతే ఉండిపోయింది.

"మంచాల దగ్గర చప్పుడుండాలి కదా సౌండక్కా."

"పైపుదా? తీసేశాగా. బాగా వచ్చింది కదూ?"

ఆ పిల్ల భోజనాల బల్ల మీద వేలి కణుపులతో కొట్టింది. రెండు. కాస్త ఆగి ఒకటి. ఆగి మూడు.

"పైపు కాదు. నేను" అంది.

దుప్పటి మడతపెడుతూనే మిగతాది చెప్పింది. అమ్మ వేరే ఊళ్ళో పని దొరికిందని వెళ్ళి తిరిగి రాలేదు. అద్దెగదిలో తనూ, ఆరేళ్ళ చెల్లీ. తను తిండికోసం బయటికి పోయేటప్పుడు చెల్లిని లోపలినించి గడియ పెట్టుకోమనేది. ఇలా కొడితేనే తియ్యి, ఇంకెవరు పిలిచినా, అమ్మ పేరు చెప్పినా తియ్యకు అని నేర్పింది. ఒకరోజు దుకాణంలో దొరికిపోయింది.

"పోలీసులకి చెప్పా, లోపల చెల్లి ఉందని. వెళ్ళారంట. రెండ్రోజులు తియ్యలేదంట అది. పోలీసులొచ్చినా తియ్యలేదు, పక్కింటావిడొచ్చినా తియ్యలేదు. ఆఖరికి విరగ్గొట్టారంట. మంచం కింద ఉందంట. ఇప్పుడు చిన్నపిల్లల హోములో ఉంది." దుప్పటి అంచులు సరిచేసింది. "ఏడు నెలలైంది. నేను రాలేదనుకుంటది కదా. వచ్చి తలుపు కొట్టానని దానికి తెలియాలి."

"ముందే నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే."

"చెబితే తీసేస్తారుగా. మొహం తీసేశారు, పేరు తీసేశారు, గొంతు మార్చేశారు. ఇదొక్కటే ఎవరికీ తెలీదనుకున్నా."

నాకు సిగ్గేసింది. పాతికేళ్ళుగా నా చెవుల మీద బతుకుతున్నదాన్ని. ఎదురుగా ఒక పిల్ల తలుపు కొడుతుంటే పైపన్నాను. చదువుకోని మా అత్తయ్య లేచెళ్ళి మూడుసార్లు తలుపు తీశారు.

వెళ్ళేముందు వార్డెనమ్మని అడిగాను, అక్కచెల్లెళ్ళని కలపకూడదా అని. "అర్జీ పెట్టి ఆర్నెల్లయిందమ్మా. దీనిది నేరం ఫైలు, దానిది సంరక్షణ ఫైలు. ఆఫీసులు వేరు. ఆ రెండూ ఒక టేబుల్ మీదకి ఎప్పుడొస్తాయి? మేం చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది" అంది.

చిన్నపిల్లల హోములో ప్రదర్శన శనివారం. ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర ఆయనతో అంతా చెప్పాను. తీసేసిన చప్పుళ్ళని నేను పారెయ్యను, పక్కన దాచే ఉంచుతాను, గంటలో మళ్ళీ పెట్టెయ్యొచ్చు అన్నాను.

"శాఖవాళ్ళు చూసి ముద్రవేసిన కాపీ అది. చిటికెడు మార్చినా మళ్ళీ చూపించాలి" అన్నాడాయన.

"మొహం, పేరు, గొంతు అన్నారు. తలుపు చప్పుడని ఎక్కడా రాయలేదుగా."

"పిల్లని గుర్తుపట్టేలా ఏదీ ఉండకూడదని రాశారు. గుర్తుపడుతుందనే కదా నువ్వు పెడతానంటోంది?"

ఆయన చెడ్డవాడు కాదు. ముప్ఫై రెండు మంది పిల్లలు ఆయన్ని నమ్మి మాట్లాడారు. ఆ మాటలు బయటికి వెళ్తే నలుగురైనా వాళ్ళని దొంగపిల్లలనకుండా పిల్లలంటారని ఆశ. ఒక చప్పుడుకోసం మొత్తం సినిమా మూలపడితే ఆ ముప్ఫై ఒక్కరికీ ఏం చెప్పాలి?

"ఆరేళ్ళ పిల్ల. విని ఏం చెయ్యగలదు? అదన్నా ఆలోచించావా?" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆలోచించలేదు. జడ గురించే ఆలోచించాను. అలసిపోయినప్పుడు మనిషికి ఒకరి గురించే ఆలోచించే ఓపికుంటుంది.

గురువారం ఆయన బయటికి వెళ్ళినప్పుడు పరుపుని గోడకి నిలబెట్టి కూర్చున్నాను. ఆరు టక్కులూ వాటి చోట్లలో పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను. వంటింట్లోంచి అత్తయ్య అడుగులు వీధి తలుపుదాకా వెళ్ళబోయి, మధ్యలో ఆగాయి.

"మళ్ళీ వచ్చిందా మీ పైపు?" అన్నారు.

"వచ్చిందత్తయ్యా."

"వాడికి తెలుసా?"

నేను స్పీకర్ల శబ్దం తగ్గించాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా వెళ్ళి, నేను ఆ గదిలో పనిలో ఉండగానే మొదటిసారి మిక్సీ వేసుకున్నారు.

శనివారం ఆ హాల్లో నలభైమంది చిన్నపిల్లలు చాపల మీద కూర్చున్నారు. అందులో చెల్లి ఎవరో నాకు తెలియదు, అడిగే వీలూ లేదు. ఆయన చూస్తున్న పిల్లల్ని వెనకనించి తీసుకోవడానికి తలుపు పక్కన కెమెరాతో నిలబడ్డాడు. ఆ చిన్నవాళ్ళకి సినిమాలో ఏమీ పట్టలేదు. ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు లాక్కుంటున్నారు. ఖాళీ మంచాలు వచ్చాయి.

టక్ టక్. టక్. టక్ టక్ టక్.

మూడో వరసలో జుట్టు పొట్టిగా కత్తిరించిన పిల్ల ఒకతి లేచింది. గోడవైపు చూడలేదు. పిల్లల మధ్యనించి కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ హాలు తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ పైన ఉంది, అందలేదు. ఆయా కూర్చునే ప్లాస్టిక్ స్టూలు లాక్కొచ్చి, ఎక్కి, రెండు చేతులతో గడియ తీసింది. ఎండ లోపలికి పడి గోడమీద సినిమా మాసిపోయింది. ఆ పిల్ల దిగి, వరండాలోకి వచ్చి, ఇటు చూసింది, అటు చూసింది.

తర్వాత గుమ్మంలో కూర్చుంది. ఆయా పిలిచినా రాలేదు. ఏడవలేదు కూడా.

ఆయన ఆ పిల్లకి రెండడుగుల దూరంలో ఉన్నాడు. అటువంటి షాటు కోసం ఆయన ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూశాడని నాకు తెలుసు. కెమెరా దించి, మూత పెట్టేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాను సగం దారి దాటాక ఆయన అడిగాడు.

"ఎప్పుడు పెట్టావు?"

"గురువారం."

"నాకు చెప్పకుండా."

"చెబితే తీసేస్తావుగా" అన్నాను. నా నోటినించి వచ్చాక గాని ఆ మాట ఎవరిదో నాకు గుర్తురాలేదు.

సోమవారం, ఆ హాలు కిటికీలకి కట్టడానికి జడ వాళ్ళ దగ్గర తెచ్చుకున్న దుప్పట్లు తిరిగి ఇచ్చే వంకతో హోముకి వెళ్ళాను. జడ గేటు దగ్గరే ఉంది. ఏం చేసింది అని అడిగింది, నమస్కారమైనా పెట్టకుండా.

"తలుపు తీసింది."

"గడియ అందిందా దానికి?"

"స్టూలేసుకుంది."

"ఇంకా పొడుగవలేదన్నమాట" అని కొంచెం నవ్వింది. "నేను లేను కదా. అప్పుడేం చేసింది?"

అబద్ధం చెబుదామనే వెళ్ళాను. నోరు రాలేదు. "గుమ్మంలో కూర్చుంది" అన్నాను. జడ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ నా చేతిలోంచి దుప్పట్లు తీసుకుని లెక్కగా ఒకదానిమీదొకటి పెట్టింది. నేను ఒక పిల్ల బరువు దించబోయి ఇద్దరి నెత్తినా పెట్టానని ఆ రోజంతా కుమిలిపోయాను.

ఆ తర్వాత శాఖనించి నోటీసు వచ్చింది. చిన్నపిల్లల హోము నడిపే పెద్దావిడ ఊరుకోలేదు, ఊరుకోవలసిన పని కూడా లేదు. అప్పుడప్పుడే మంచం మీద పడుకోవడం అలవాటైన పిల్ల మళ్ళీ గుమ్మం దగ్గర పడుకుంటోందని, సినిమావాళ్ళు దొంగతనంగా ఏదో కలిపారని నాలుగు పేజీలు రాసింది. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. సినిమా ఆపేశారు. తర్వాతి సినిమాకి ఇస్తామన్న అనుమతీ పోయింది. సంజాయిషీలో ఆయన నా పేరు రాయలేదు, బాధ్యత తనదేనని సంతకం పెట్టాడు. అది నాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. పెళ్ళిళ్ళ వీడియోలు తియ్యడానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇంట్లో నాతో ఉప్పూ పప్పూ మాటలే. ఇన్నాళ్ళూ నిశ్శబ్దంగా ఉండండర్రా అని మేం బతిమాలిన ఇల్లు, ఇప్పుడు ఎవరూ అడక్కుండానే నిశ్శబ్దంగా ఉంది.

వానలు తగ్గుముఖం పట్టిన వారంలో, భోజనాల వేళ వార్డెనమ్మ ఫోన్ చేసింది. చెయ్యి ఎంగిలని, అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టాను.

"మీ మీద ఫిర్యాదు విచారించాలని ఇద్దరు పిల్లల ఫైళ్ళూ తెప్పించారమ్మా. రెండూ ఒక టేబుల్ మీద పెట్టుకుని చదివారు. చదివాక నెలకోసారి కలవమని రాశారు. ఈరోజే మొదటిసారి. నేనే తీసుకెళ్ళా."

నేను పళ్ళెం ముందు నుంచి లేచాను. "ఎలా ఉన్నారు?"

"చిన్నదాన్ని ముందే ఆ గదిలో కూర్చోబెట్టారు. గది తలుపు తీసే ఉంది. ఇది గబగబా లోపలికి పోతుందనుకున్నా. పోలేదు. బయటే నిలబడి, తలుపు దగ్గరికి లాగి మూసేసింది. లోపలున్న ఆయాతో, అమ్మా గడియ పెట్టండి అంది. ఆవిడకేం అర్థంకాక పెట్టింది. అప్పుడు కొట్టిందమ్మా. అదే, మనం పైపనుకున్న చప్పుడు."

"తర్వాత?"

"తర్వాత కాసేపు ఏమీ లేదు. చడీ చప్పుడూ లేదు. అప్పుడు స్టూలు ఈడ్చిన చప్పుడైంది."

ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడ్డాను. అత్తయ్య గరిటె పట్టుకుని నావైపే చూస్తున్నారు.

"తీసిందా?" అన్నారు.

"తీసింది."

ఆవిడ కళ్ళు ఒత్తుకుని పొయ్యి వైపు తిరిగారు. ఆయన తల ఎత్తలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"ఆ కాసేపూ ఎంతసేపట?" అని అడిగాడు. రెండు నెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

"అడగలేదు" అన్నాను. "నిమిషం ఉంటుందేమో."